ఆయ్‌కి గడి లేదు

పోయిన వారం మనం నాగసతీష్‌ని కొత్తపేటలో బుచ్చిరాజుగారి గేటు ముందు, గడియ మీద చెయ్యి వేసినవాణ్ణి వేసినట్టే వదిలేశాం. లోపలికి అడుగు పెట్టేముందు కథ ఎక్కడుందో ఒక్కసారి చూసుకుందాం.

సతీష్ హైదరాబాదులో కోటిరక్ష జీవిత బీమా కంపెనీ ఉద్యోగి. కంపెనీ నిబంధనల ప్రకారం నడుస్తోందో లేదో లోపలే ఉండి తనిఖీ చెయ్యడం అతని పని. కంపెనీ తన తప్పులు తానే వెతుక్కుని, రిపోర్టు రాసి, సీలు వేసి బీమా నియంత్రణ సంస్థకి అప్పగిస్తుంది. ఆ రిపోర్టు మూడో మనిషి కంట పడకూడదని ఒప్పందం. అలా అయితేనే కంపెనీలు దాచకుండా నిజం చెబుతాయని ఆ ఏర్పాటు. 2004లో కోనసీమ ఏజెంట్లను కూర్చోబెట్టి, ప్రశ్నలడిగి, అలాంటి రిపోర్టు ఒకటి రాసినవాడు సతీషే. "మీరు చెప్పింది సీలు కవరు దాటి బయటికి రాదు" అని ఒక్కొక్కరికీ మాట ఇచ్చినవాడూ అతనే.

రెండేళ్ళు గడిచాక అందులోంచి ఒకే ఒక్క పేజీ బయటపడింది. కొత్తపేట జిరాక్సు షాపులో కాపీలు పుట్టాయి. ఆ పేజీ నిండా బుచ్చిరాజుగారే. పాలసీ తీసుకునేవాళ్ళను అడక్కుండానే వాళ్ళ ఆరోగ్య ప్రశ్నలకు జవాబులు తానే నింపేస్తున్నట్టు ఆయన ఒప్పుకున్నారని అందులో ఉంది. ఆయన చేతిమీదుగా పాలసీ తీసుకున్న సూరిబాబు దోహాలో గుండెపోటుతో పోయాడు. గుండెజబ్బు దాచాడన్న సాకుతో కంపెనీ అతని భార్య ముత్యాలుకి క్లెయిమ్ ఎగ్గొట్టింది. ఆమె వినియోగదారుల ఫోరంలో కేసు వేసింది. ఇప్పుడు ఊరంతా బుచ్చిరాజుగారి వంక వేలు చూపిస్తోంది.

సతీష్ పై అధికారి ప్రకాశరావు రైలెక్కించేటప్పుడు చెప్పిన మాట ఒక్కటే. "ఆ కాగితం మనదని అనకు, కాదనీ అనకు. నేను కంపెనీవాళ్ళకి ఎప్పుడూ ఏమీ చెప్పలేదని ఆయన చేత సంతకం పెట్టించుకురా."

గేటు గడియ కిర్రుమంది.

పెరట్లో కొబ్బరికాయల దింపు జరుగుతోంది. కాయలు దబదబా రాలుతున్నాయి. ఆ చప్పుళ్ళ మధ్య బుచ్చిరాజుగారి భార్య భవానీదేవి పమిటతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. తిడుతుందనుకున్నాడు సతీష్. తిట్లు పడడానికి తయారై వచ్చాడు కూడా.

"ఎండన పడి వచ్చేవు నాయనా. కాళ్ళు కడుక్కుని కూర్చో. పొట్టిక్కలు వేడిగా ఉన్నాయి, పెడతాను" అంది.

వసారాలో పడక్కుర్చీలో ఉన్న బుచ్చిరాజుగారు అతన్ని చూసి లేచి నిలబడ్డారు. అరవై దాటిన మనిషి. సతీష్ తండ్రీ ఆయనా ఒక బల్ల మీద చదువుకున్నవాళ్ళు. నిక్కర్లేసుకున్ననాటి నుంచీ అతన్ని ఒరేయ్, నువ్వు అని పిలిచిన మనిషి.

"రండి బాబూ, రండి. ప్రయాణం బాగా జరిగిందాండి?" అన్నారు.

ఆ 'అండి' చెంప మీద కొట్టినట్టు తగిలింది సతీష్‌కి.

"మావయ్యగారూ, మీరు నన్ను మీరు అనడమేమిటండి!"

"ఆఫీసు పని మీద వచ్చేరు కదండి. మర్యాద ఉండాలి కదా."

వసారా చివర, స్తంభానికి ఆనుకుని ముత్యాలు కూర్చుంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితం ఒకటి ఒళ్ళో బోర్లించి పట్టుకుంది. సతీష్‌ని చూసి లేవబోయింది. భవానీదేవి సైగ చేస్తే మళ్ళీ కూర్చుంది.

అరిటాకు ముక్కలో పొట్టిక్కలు వచ్చాయి, పనసాకు బుట్టల్లో ఉడికిన ఇడ్లీలు, ఆకు వాసనతో పొగలు కక్కుతూ. పక్కన అల్లం పచ్చడి. సతీష్ ఒక్క ముద్ద తుంచాడు. తినకపోతే తప్పు, తింటే అంతకంటే తప్పు. రెండో ముద్దకి చెయ్యి రాలేదు. పని ముగించుకు పోదామని బ్యాగులోంచి కాగితం తీశాడు.

"మావయ్యగారూ, ఇక్కడొక సంతకం పెట్టండి. మీరు మా కంపెనీవాళ్ళెవరికీ ఏ వాంగ్మూలమూ ఇవ్వలేదని, అంతే. మీ పేరు మీద పడ్డ మచ్చ దీంతో పోతుంది."

"ఆయ్" అన్నారు బుచ్చిరాజుగారు. కళ్ళజోడు కోసం జేబు తడుముకున్నారు.

సతీష్ గుండెల మీంచి బరువు దిగింది. కలం మూత తీసి అందించాడు. కలం ఆయన వేళ్ళలోకి వెళ్ళేలోపలే భవానీదేవి మధ్యలో చెయ్యి పెట్టింది.

"సంతకానికేం తొందర? ముందు ముత్యాలు దగ్గరున్న కాగితం చదివి చెప్పు నాయనా. లాయరుగారు ఒకలా చెప్పేరు, జిరాక్సు షాపాయన ఒకలా చెప్పేడు. ఇంగ్లీషు చదువుకున్నవాడివి, నువ్వు చెబితే సరిగ్గా ఉంటుంది."

"అత్తయ్యగారూ, ఆ కాగితం గురించి నేను మాట్లాడకూడదండి. రూలు ఉంది."

"మాట్లాడమన్నానా? చదవమన్నాను. చదవడానికి కూడా రూలుందా ఏం?"

ముత్యాలు లేచి వచ్చి, కవరు అతని ముందు పెట్టి వెనక్కి జరిగింది. సతీష్ దాన్ని చూడకుండా ఉండాలనుకున్నాడు. కళ్ళు వినలేదు. పైన అడ్డంగా 'రహస్యం' అన్న ముద్ర. కింద గళ్ళు. ప్రశ్నకొక గడి, అవునుకొక గడి, కాదుకొక గడి. అవును గడిలో తన టిక్కులు. ఎడమచేతి వాటం టిక్కులు, తోకలు వెనక్కి తిరిగి ఉంటాయి. ప్రపంచంలో ఎవరు గుర్తుపట్టకపోయినా తను గుర్తుపడతాడు.

గొంతు సవరించుకుని ఇంగ్లీషులో ఒక వాక్యం చదివాడు. తర్వాత తెలుగులో చెప్పాడు.

"ఆరోగ్య ప్రశ్నలను పార్టీని అడగకుండా తానే నింపుతున్నట్టు ఏజెంటు ఒప్పుకున్నాడు."

"ఒప్పుకున్నాడా, ఒప్పుకున్నారా?" అంది భవానీదేవి.

"ఆఁ?"

"ఇంగ్లీషులో డు, రు ఉండవు కదా నాయనా. నాకూ ఆ మాత్రం తెలుసు. తెలుగు చేసేటప్పుడు ఆ 'డు' నువ్వే పెట్టేవు."

సతీష్ తల వాలిపోయింది. బుచ్చిరాజుగారే అతన్ని ఆదుకున్నారు. "పోనిద్దూ, ఆఫీసు భాష అలాగే ఉంటుంది. బాబుని తిననీ."

"తింటాడు లెండి. ఇంకొక్కమాట అడిగి వదిలేస్తాను." భవానీదేవి పీట లాక్కుని సతీష్ ఎదురుగా కూర్చుంది. "నువ్వా రోజు ఇదిగో ఇక్కడే కూర్చున్నావు. ఆయన అక్కడ. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు కాగితం చూసి గబగబా అడుగుతున్నావు, ఆయన ఆయ్, ఆయ్ అంటున్నారు. 'ఒప్పుకుంటున్నాను' అన్న మాట ఆయన నోటమ్మట ఎప్పుడొచ్చింది? నేను కాఫీలో చక్కెర వేయడానికి లోపలికి వెళ్ళినప్పుడా?"

సతీష్ మళ్ళీ ఆ టిక్కుల వైపు చూశాడు.

కోనసీమలో పుట్టిన పిల్లవాడికి ఉగ్గుపాలతో తెలిసే సంగతి ఇది. ఆయ్ అంటే అవునని కాదు. తమరు చెప్పండి, వింటున్నాను అని. తమరి మాటకి అడ్డం రావడం లేదు అని. అసలు జవాబు దాని తర్వాత వస్తుంది. ఒక్క క్షణం ఆగాలి. ఎదుటి మనిషి పైపంచె సవరించుకుని, గొంతు సవరించుకుని, "అయితే బాబూ..." అని మొదలుపెట్టేదాకా ఆగాలి. బయటివాళ్ళకి ఇది తెలియదు. ఆలమూరులో పుట్టి పెరిగిన సతీష్‌కి తెలియకుండా ఎలా ఉంటుంది?

ఆ రోజు అతను ఆగలేదు. చేతిలో హైదరాబాదులో అచ్చు వేసిన ఫారం ఉంది. అందులో ఆయ్‌కి గడి లేదు. ఇంకా చూడాల్సిన ఏజెంట్లున్నారు, రావులపాలెంలో బస్సు అందుకోవాలి. తప్పులు ఏజెంట్ల దగ్గర తేలితే పైవాళ్ళకి హాయి అని ప్రకాశరావు ముందే సూచించాడు. ఆయ్ అన్న ప్రతిచోటా అవునులో టిక్కు పెట్టుకుంటూ పోయాడు. 'అయితే బాబూ' అని బుచ్చిరాజుగారు మొదలుపెట్టేసరికి తను తర్వాతి ప్రశ్నలో ఉన్నాడు. ఆయన మర్యాదస్థుడు. ఆఫీసరు ప్రశ్నకి అడ్డు తగలకూడదని ఆగిపోయారు.

ఎవరు చూస్తారులే అనుకున్నాడు సతీష్. సీలు వేసిన కవరు, తాళం వేసిన బీరువా. నిజం చెప్పడానికి భయపడకూడదని కట్టిన గోడ అది. ఆ గోడ చాటున అతను అబద్ధం రాయడానికి భయపడలేదు.

"ఆయన ఆ మాట అనలేదండి" అన్నాడు చివరికి. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. "ఆయ్ అన్నారు. అవునని నేను రాసుకున్నాను."

రాలుతున్న కాయల చప్పుడు ఆగింది. పెరట్లోవాళ్ళు ఇంకో చెట్టు ఎక్కుతున్నారు కాబోలు.

భవానీదేవి లేచి వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది. అంతకన్నా ఒక తిట్టు తిట్టినా బాగుండేది.

బుచ్చిరాజుగారు మాత్రం పడక్కుర్చీ చేతుల మీద వేళ్ళు ఆడిస్తూ నేలకేసి చూస్తున్నారు. కోపం తెచ్చుకోవలసిన మనిషి ముఖంలో సతీష్ ముఖంలో ఉన్నదే కనిపించింది. సిగ్గు.

"సతీషూ" అన్నారు. 'మీరు' పోయి పాత పిలుపు వచ్చింది. "నువ్వు చేసిన పనే నేనూ చేసేనేమోరా."

"మీరేం చేసేరు?" అంది భవానీదేవి.

"సూరిబాబు వీసా వచ్చిన హడావిడిలో ఉన్నాడు. ఇక్కడే కూర్చోబెట్టి ఫారం నింపేను. ప్రతి ప్రశ్నా అడిగేను. దేవుడి సాక్షిగా అడిగేను. చక్కెరజబ్బు ఉందా అంటే లేదండి అన్నాడు. ఆయాసం ఉందా అంటే లేదండి అన్నాడు. గుండెనొప్పి ఎప్పుడైనా వచ్చిందా అన్నాను." ఆయన ఆగారు. "ఆయ్ అన్నాడు."

ముత్యాలు తలెత్తింది.

"ఆరడుగుల మనిషి, కొబ్బరిచెట్టు కోతిలా ఎక్కేవాడు. వీడికి గుండెనొప్పి ఏమిటి, వరసలో పడి ఆయ్ అన్నాడులే అనుకున్నాను. లేదు అని రాసేసేను. తర్వాత ఏదో చెప్పబోయేడు. ఈలోగా ఆటో వచ్చింది. ఆ రాత్రే బొంబాయి ప్రయాణం. పాలసీ ఇప్పించేనని వెళుతూ వెళుతూ నా కాళ్ళకి దణ్ణం పెట్టేడురా."

ముత్యాలు స్తంభం వదిలి వచ్చింది. గొంతు పెంచలేదు.

"రాజుగారండీ, మా ఆయన ఆయ్ అంటే ఉందనేనండి. లేపోతే లేదండీ అనే అంటారు. మిగతా రెండిటికీ అలాగే అన్నారని తమరే సెప్పేరు కదండి. అంతకు ముందు యేడు ఒకపాలి నొప్పొచ్చి అమలాపురం ఆసుపత్రికి ఎల్లేమండి. దాచిపెట్టే మడిసి కాదండి ఆయన. నాకు సెప్పకుండా బీడీ కూడా కాల్చేవోరు కాదు."

బుచ్చిరాజుగారు రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు.

"ఊరు ఊరంతా నా మొగుడు అబద్ధాలకోరు అనేరండి. కంపెనీవోళ్ళు కాయితం మీద రాసి పంపేరు, జబ్బు దాచేడని. మా అత్తగారు ఆ కాయితం పట్టుకుని నన్ను 'నీకూ తెలుసు కదే' అని ఏడిపించేది." ఆమె కళ్ళు సతీష్ మీద నిలిచాయి. "ఇప్పుడు సెప్పండి బాబుగారూ. ఇది మీ కంపెనీ కాయితమేనాండి? మీ కంపెనీ మడిసి అవునని ఒక్క మాటంటే, జవాబులు రాసింది ఏజెంటే గాని మా ఆయన కాదని తేలి ఫోరంలో కేసు నిలబడతాదని లాయరుగారు సెప్పేరు. రాజుగారు సొంతంగా వచ్చి సెబితే, జాలిపడి ఇప్పుడు కల్పించేరంటారట."

బుచ్చిరాజుగారు చేతులు తీశారు. సంతకం పెట్టవలసిన కాగితాన్ని మడత పెట్టి సతీష్ బ్యాగు మీద ఉంచారు.

"ఇది పెట్టలేనురా. పెడితే ఆ పిల్ల నోట్లో మన్ను కొట్టినట్టు. నువ్వు ఎలా రాసినా, నా తప్పు అందులో ఉంది. ఒప్పుకున్నాననే చెబుతాను. ఊరు ఏమంటే అది అననీ."

సతీష్ జేబులో సెల్‌ఫోను మోగింది. ప్రకాశరావు.

"సంతకం అయిందా?"

"లేదండి. ఆయన పెట్టరు."

"నేననుకున్నదే. కంగారుపడకు. కంపెనీ రహస్య పత్రం దొంగిలించాడని ఆయన మీద ఫిర్యాదు రాయించి నీ పేరు మీద కొత్తపేట స్టేషన్‌కి ఫ్యాక్స్ చేశాను. ఎస్సైతో మాట్లాడాను కూడా. నువ్వు అవునండి అను, చాలు. దొంగ చేతిలో దొరికిన కాగితాన్ని ఫోరం ముట్టుకోదు."

"సార్, ఆయన దొంగ కాదండి!"

అవతల ఫోను పెట్టేశారు.

కాసేపటికే జీపు వచ్చి గేటు ముందు ఆగింది. ఎస్సై లోవరాజు దిగి, చెప్పులు విప్పి మరీ మెట్టెక్కాడు. బుచ్చిరాజుగారికి చేతులు జోడించాడు. ఆయన చేత పాలసీ రాయించుకున్నవాళ్ళలో అతనూ ఒకడు.

"ఏమనుకోకండి బుచ్చిరాజుగారూ. పై నుంచి ఒత్తిడి. ఇక్కడ నాగసతీష్ గారంటే ఎవరండి?"

"నేనేనండి."

"ఈ ఫిర్యాదు మీదేనా? సరే. నాకొక చిన్న అనుమానం ఉందండి. ఈ కాగితం మాదో కాదో చెప్పం అని మీ కంపెనీ ఫోరానికి రాసి ఇచ్చింది. మాది ఎత్తుకుపోయారని నాకు రాసి ఇచ్చింది. రెండూ కుదరవు కదండి. మీది కాకపోతే చోరీ లేదు, నేను వెళ్ళిపోతాను. మీదే అయితే ఈయన్ని తీసుకెళ్ళాలి. మీరు చెప్పిందే నేను రాసుకుంటాను. మీదేనా?"

మాది కాదంటే బుచ్చిరాజుగారు బయటపడతారు, ముత్యాలు కేసు పోతుంది. మాదే అంటే ముత్యాలు గెలుస్తుంది, ఈ వయసులో ఈయన జీపెక్కుతారు.

బుచ్చిరాజుగారు అప్పుడే లేచి మేకుకి తగిలించిన చొక్కా అందుకుంటున్నారు. "చెప్పెయ్యరా. నాకేం ఇబ్బంది లేదు" అన్నారు. గుండీలన్నీ తప్పుడు కాజాల్లో పెట్టుకుంటున్నారు.

అది చూసి సతీష్ లేచి నిలబడ్డాడు.

"మాదేనండి. రాసింది నేను. ఆ టిక్కులు నావి. రాసుకోండి."

ముత్యాలు రెండు చేతులూ జోడించింది. భవానీదేవి కళ్ళు మూసుకుంది.

"అయితే దొంగతనం..." అంటూ ఎస్సై బుచ్చిరాజుగారి వైపు తిరిగాడు.

"ఈయన కాదండి. బీరువాలోంచి ఆ పేజీ తీసి బయటపెట్టింది నేనే. అది కూడా రాసుకోండి. సంతకం పెడతాను."

ఎస్సై కలం ఆగింది. "ఆలోచించుకునే అంటున్నారా? ఉద్యోగం పోతుంది. జైలు కూడా."

"రాసుకోండి."

కలం కాగితం మీద ఆనింది. అప్పుడు భవానీదేవి లేచింది.

"రాయకండి ఎస్సైగారూ. ఈ అబ్బాయికి కాగితం కనబడితే అబద్ధం రాయించడం అలవాటైపోయింది. రెండేళ్ళ కిందట ఆయన అనని మాట రాసేడు, ఇప్పుడు తను చెయ్యని పని రాయిస్తున్నాడు. ఆ పేజీని జిరాక్సు షాపుకి పట్టికెళ్ళిన మనిషిని నేను నా కళ్ళతో చూసేను."

బుచ్చిరాజుగారి చేతిలో పై గుండీ తెగి నేల మీద పడింది. జన్మలో ఎవరి మాటకీ అడ్డు తగలని మనిషి, ఊరంతా వినబడేలా అరిచారు.

"భవానీ! చెప్పొద్దు!"

(సశేషం)